లైల్‌కి ఐలీ ఇచ్చిన క్రిస్మస్ కానుక

మా అక్క ఐలీ ఒకచోట కూర్చునే మనిషి కాదు. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చి, తుంటి ఎముక విరిగి అతుక్కున్నాక కూడా, కిటికీకీ పొయ్యికీ మధ్య చేతికర్ర టకటకలాడించుకుంటూ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఆవిడకి ఎవరైనా మంచి చేస్తే అది పదిమందికీ చెప్పేదాకా తిన్నది అరగదు. చెడు చేసినా అంతే అనుకోండి. నేను ఇర్మాని, చెల్లెల్ని. మొగుళ్ళిద్దరూ పోయాక ఒకళ్ళకొకళ్ళం తోడుగా ఉంటున్నాం. తోడు అన్నది మర్యాదకి అంటున్న మాట. నిజానికి రోజూ పోట్లాడుకుంటూ ఉంటాం.

మా పోస్ట్‌మ్యాన్ లైల్ కాంగస్. మా వైపు పల్లె రోడ్ల మీద ఉత్తరాలు పంచేవాళ్ళు సొంత కార్లోనే తిరుగుతారు. కారు నెత్తిన పసుపు దీపం మిణుకుతుంటే, స్టీరింగు లేని కుడివైపు సీట్లో కూర్చుని, ఎడమ కాలు చాచి బ్రేకు తొక్కుతూ, రోడ్డు పక్కన ఉన్న ఒక్కో డబ్బా దగ్గరా ఆగి, అద్దం దించి ఉత్తరాలు పడేసి పోతారు. మా డబ్బా రోడ్డు మీద ఉంది. ఇల్లేమో గుట్టమీద, స్ప్రూస్ చెట్ల వెనకాల. ఐలీ పడిపోయిన దగ్గర్నుంచీ లైల్ కారు రోడ్డు మీదే వదిలేసి, మంచులో పైకి నడిచొచ్చి, ఉత్తరాలు ఆవిడ చేతికిచ్చేవాడు. వస్తూ వస్తూ షెడ్డులోంచి చేతులనిండా కట్టెలు తెచ్చి పొయ్యి పక్కన దింపేవాడు. గుమ్మంలో నిలబడే ఒక కప్పు కాఫీ తాగి, సరస్సు మీద గాలి ఎలా ఉందో చెప్పి వెళ్ళిపోయేవాడు. డాక్టరు కాగితం ఒకటి పెట్టుకుంటే, ఇంటి దగ్గర ఇవ్వడానికి పోస్టాఫీసు వాళ్ళే అనుమతిస్తారు. కానీ ఐలీ చేతకానిదని డాక్టరు రాసిన కాగితం ఒకటి ఈ భూమ్మీద ఉండటం ఐలీకి ఇష్టం లేదు.

దానికి కారణం మా అమ్మ. చివరి రోజుల్లో అమ్మకి మతి పోయింది. మమ్మల్ని గుర్తుపట్టేది కాదు, చచ్చిపోయినవాళ్ళకి అన్నం వడ్డించేది. అమ్మని చూసుకున్నది ఐలీయే. అప్పట్నుంచీ ఆవిడకి లోకంలో ఉన్న భయం అదొక్కటే. రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని మా రోడ్డు మీదున్న ఇళ్ళవాళ్ళ ఫోను నంబర్లన్నీ వరసగా పైకి అప్పజెబుతుంది. ఎక్కడైనా తడుముకుంటే ఆ రోజంతా నా మీద విసుక్కుంటుంది.

ఇక పోయిన శీతాకాలం సంగతి. నాకు పిత్తాశయం ఆపరేషనయి పట్నం ఆస్పత్రిలో ఉన్నాను. తుపాను. రోడ్డు మీద పురుగు లేదు. నేను బతుకుతానో లేదో అని ఐలీ ఇంట్లో ఒక్కతే కాలు గాలిన పిల్లిలా తిరుగుతోందట. ఉత్తరాలివ్వడానికి వచ్చిన లైల్ ఆవిడ మొహం చూసి, కోటు తొడిగి, కార్లో పార్సిళ్ళు పక్కకి జరిపి కూర్చోబెట్టి, ఆస్పత్రి గుమ్మం దగ్గర దించాడు. ఆ రోజు మా రోడ్డంతటికీ ఉత్తరాలు చీకటి పడ్డాక వచ్చాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన మా అక్క కూర్చుని నర్సుతో దెబ్బలాడుతోంది. నాకు అంత ధైర్యం ఇంకెప్పుడూ రాలేదు.

అందుకని ఈ ఏడు ఆకులు రాలేటప్పుడే ఐలీ అతనికి స్వెటరు మొదలుపెట్టింది. మామూలుగా క్రిస్మస్‌కి మేం లైల్‌కి ఒక నిసు ఇస్తాం, అదే, యాలకులు వేసి జడలా అల్లి కాల్చే రొట్టె. ఈసారి రొట్టె సరిపోదంది. మార్చిలో అతను రిటైరవుతున్నాడు, ఇదే ఆఖరి క్రిస్మస్. మంచి ఉన్ని తెప్పించింది, మెడ దగ్గర మూడుసార్లు ఊడదీసి మళ్ళీ అల్లింది. తీరా ఇస్తే లైల్ చెవులదాకా ఎర్రబడి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పోస్టాఫీసుకి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు మిసెస్ స్టాడ్లర్ అందర్నీ నిలబెట్టి పాత రూలే మళ్ళీ చదివి వినిపించిందట. డబ్బు తీసుకోకూడదు, ఇరవై డాలర్లు దాటిన వస్తువూ తీసుకోకూడదు. ఉన్ని ఖరీదే అంతకు మించిందని అతనికి చూడగానే తెలిసిపోయింది. అబద్ధం చెప్పి పుచ్చుకునే మనిషి కాదు. రొట్టె మాత్రం తీసుకుని, వంద క్షమాపణలు చెప్పి వెళ్ళాడు.

ఐలీకి ఆ రాత్రి నిద్ర లేదు. నాకూ లేదు, ఆవిడ కర్ర చప్పుడు వల్ల.

క్రిస్మస్ ముందు వారం మా ఊరి రేడియోలో పొద్దున్నే అరగంటసేపు ధన్యవాదాల కార్యక్రమం వస్తుంది. ఎవరైనా ఫోను చేసి ఎవరి గురించైనా నాలుగు మంచి మాటలు చెప్పొచ్చు. రోడ్డు మీద మంచు తోసేవాళ్ళకీ, మంటలార్పే కుర్రాళ్ళకీ, చర్చిలో సూపు కాచేవాళ్ళకీ చెబుతుంటారు. ఊళ్ళో అది పెట్టని ఇల్లు ఉండదు. నేను వంటగదిలో పిండి పిసుకుతున్నాను. ఒకపక్క రేడియోలోంచీ, ఇంకోపక్క ముందుగదిలోంచీ మా అక్క గొంతే వినపడేసరికి చేతులు ఆగిపోయాయి.

“లైల్ కాంగస్ గురించి చెప్పాలి,” అంటోంది. “ఇరవై డాలర్లు దాటిన వస్తువు అతను పుచ్చుకోకూడదట. మాటకి ధర కట్టలేరుగా. అందుకని మాటే ఇస్తున్నా.”

ఇచ్చింది. ఒకటీ వదల్లేదు. కారు రోడ్డు మీద వదిలి పైకి రావడం, కట్టెలు తేవడం, కాఫీ, తుపాను రోజు తనని పార్సిళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పట్నం తీసుకెళ్ళడం, ఆ రోజు ఉత్తరాలు ఆలస్యమైనా ఎవరూ పల్లెత్తు మాట అనకపోవడం. అంత బాగా మాట్లాడిన మనిషిని నేను చర్చిలో కూడా చూడలేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పిండి చేతులతోనే వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నాను. ఐలీ మొహం వెలిగిపోతోంది.

ఫోను పెట్టిందో లేదో మళ్ళీ మోగింది, నేనెత్తాను. కింద రోడ్డు మలుపులో ఉండే బెర్నీస్. ఆవిడ మొగుడు బతికున్నప్పుడు లైల్‌కి ముందు ఇదే రూటు నడిపాడు. ఆవిడ పలకరింపులేమీ పెట్టుకోలేదు.

“మీ అక్క ఆ మనిషిని పొగిడిందా, పట్టిచ్చిందా?” అంది.

నాకర్థం కాలేదు. బెర్నీస్ విడమరిచి చెప్పింది. ఉత్తరాలున్న కార్లో వేరే మనిషిని ఎక్కించుకోకూడదు, అదీ డ్యూటీలో. ఉత్తరాలు ఆలస్యం చేసి రూటు వదిలి పట్నం పోవడం అంతకన్నా పెద్ద తప్పు. పాత పోస్టుమాస్టరుకి తెలిసినా తెలియనట్టు ఊరుకునేవాడు. ఈవిడ ఊరుకునే రకం కాదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదిలో పొద్దున్నంతా ఇదే రేడియో మోగుతూ ఉంటుంది. అతను రూటు పూర్తిచేసి తిరిగి వెళ్ళగానే ఆవిడ పిలిచి అడుగుతుంది. అడిగితే లైల్ ఏమంటాడు? ఉన్నదున్నట్టు ఒప్పుకుంటాడు. జీవితమంతా మంచులో తిరిగి, రిటైరయ్యే ముందు తలవంపులతో ఇంటికి పోతాడు.

ఐలీ నా చేతిలో ఫోను పక్కనే చెవి పెట్టి అంతా వింది. మొహంలో వెలుగు పోయి బూడిదలా అయింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, పొయ్యి దగ్గరికి వచ్చింది, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఏదో ఒకటి అనమని బతిమాలాను. మా అక్క మాట్లాడకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు. పొంగడానికి పెట్టిన పిండి మీద గుడ్డ తీశాను, కప్పాను, మళ్ళీ తీశాను.

“కారు తియ్యి,” అంది చివరికి. “అతను తిరిగొచ్చేలోపల మనం అక్కడుండాలి.”

ఏం చేస్తావంటే చెప్పలేదు. నేనేమన్నా నువ్వు కాదనొద్దు, అదొక్కటే చాలు అంది.

దారంతా సరస్సు మీంచి గాలి మంచుని అడ్డంగా కొడుతోంది. మా ముందర మంచు తోసే లారీ ఒకటి తీరిగ్గా పోతోంది. దాన్ని దాటే వీల్లేదు, హారను కొడితే లాభం లేదు. ఐలీ పక్క సీట్లో కూర్చుని కర్రతో నేలని పొడుస్తూ, ఆ లారీవాడి తాతముత్తాతల్ని కూడా వదలకుండా తిట్టింది. వంతెన దగ్గర ఎదురుగా పసుపు దీపం కనపడింది. లైల్ కారే. ఆఖరి డబ్బాల దగ్గరున్నాడు. నేను ఆపబోయాను, ముందే చెప్పి హెచ్చరిద్దామని. ఐలీ స్టీరింగు మీద చెయ్యేసింది.

“ఆపకు. చెప్పామంటే మనకంటే ముందే వెళ్ళి ఒప్పుకుంటాడు.”

అతను మమ్మల్ని చూసి రెండు వేళ్ళెత్తి పలకరించాడు. మేం తలలు తిప్పుకున్నాం.

పోస్టాఫీసులో పండగ రద్దీ ఉంది. పార్సిళ్ళు పట్టుకుని మాకు తెలిసినవాళ్ళే నలుగురైదుగురు వరసలో నిలబడ్డారు. ఐలీని చూడగానే అందరూ నవ్వు మొహాలతో, రేడియోలో భలే చెప్పావంటూ దారిచ్చారు. ఐలీ ఎవరి వైపూ చూడకుండా కౌంటరు దగ్గరికి వెళ్ళి నిలబడి, కోటు పైబొత్తాన్ని చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. అచ్చం మా అమ్మ అలాగే తిప్పేది.

మిసెస్ స్టాడ్లర్ లోపల్నుంచి వచ్చింది. చెడ్డ మనిషిలా ఏమీ లేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, అలిసిపోయి ఉంది. మిమ్మల్నే కలుద్దామనుకుంటున్నాను, పొద్దున రేడియోలో చెప్పిన విషయం గురించి ఒకటి రెండు అడగాలి అంది.

“ఆర్వోకి పార్సిలు పంపాలి,” అంది ఐలీ. “ఓడ మీద చలి ఎక్కువ. మేజోళ్ళు అల్లాను.”

చేతుల్లో పార్సిలేమీ లేదు. ఖాళీ చేతులు కౌంటరు మీద పెట్టి, లేని మూటని మెల్లగా ముందుకు తోసింది. వరసలో నిలబడ్డవాళ్ళు మాట్లాడటం ఆపేశారు.

మిసెస్ స్టాడ్లర్ కాసేపు ఆ ఖాళీ జాగా వైపు చూసి, నెమ్మదిగా అడిగింది, పోయిన శీతాకాలం మీరు పట్నం ఆస్పత్రికి ఎవరి కార్లో వెళ్ళారని.

“ఆర్వో కార్లో. ఇంకెవరు తీసుకెళ్తారు నన్ను? రోజూ వస్తాడు వాడు. కట్టెలు తెస్తాడు. కాఫీ తాగుతాడు.” నా వైపు తిరిగి, చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, నువ్వు చెప్పవే. ఆర్వో రాలేదూ?”

మిసెస్ స్టాడ్లర్ నా వైపు చూసింది. ఆర్వో ఎవరని అడిగింది.

“మా తమ్ముడు,” అన్నాను. “సరస్సులో మునిగిపోయాడు. నలభై ఏళ్ళు దాటింది.”

అందులో అబద్ధమేమీ లేదు. ఆ పేరు మేమిద్దరం మా ఇంట్లో పైకి అనుకుని ఎన్నాళ్ళయిందో. వాడు పోయినప్పుడు ఏడ్చినట్టే నాకు అక్కడ ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను. మిసెస్ స్టాడ్లర్ కౌంటరు చుట్టూ తిరిగి బయటికొచ్చి నాకు కుర్చీ వేసింది. ఈవిడ ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నారని గుసగుసగా అడిగింది. ఐలీ నా చెయ్యి వదల్లేదు. గోళ్ళు నా అరచేతిలో దిగుతున్నాయి.

“ఈ శీతాకాలం నుంచీ,” అన్నాను. “ఒకసారి మామూలుగా ఉంటుంది. ఒకసారి ఇలా. లైల్ పాపం డబ్బాలో ఉత్తరాలేసి పోతాడంతే.”

అలా చెబుతుంటే వరసలో ఎవరో ముక్కు చీదుకోవడం వినపడింది. సాయంత్రానికి ఊరంతా పాకుతుందని నాకు తెలుసు. ఐలీకీ తెలుసు. మిసెస్ స్టాడ్లర్ నా భుజం తట్టి, ఇంక లైల్‌ని అడగాల్సిందేమీ లేదని, ఇంట్లో పొయ్యి జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది. మా ఇద్దర్నీ కారుదాకా దిగబెట్టింది. ఐలీకి తనే సీటుబెల్టు పెట్టింది, గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి మాట్లాడుతూ. ఐలీ పెట్టించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నాకు కోపం తారస్థాయిలో ఉంది. ముందు చెప్పొద్దా, ఆర్వోని తేవాలా, అందరి ముందూ నన్ను అమ్మా అనాలా అని అరిచేశాను. ఐలీ చేతుల వైపు చూసుకుంటోంది.

“అమ్మలా చెయ్యడం కష్టమనుకున్నా ఇర్మా,” అంది. “నోరు తెరిస్తే చాలు, అదే వచ్చేసింది.”

ఆ మాటకి నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లైల్ వచ్చాడు. డ్యూటీ అయిపోయింది, కారు నెత్తిన పసుపు దీపం లేదు. గుమ్మంలో ఆగలేదు, మొదటిసారి లోపలికొచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. పోస్టాఫీసులో జరిగింది విన్నానన్నాడు. టోపీ చేతుల్లో నలిపేస్తున్నాడు. ఐలీ పొయ్యి పక్క కుర్చీలో ఉంది. నేను కాఫీ పెట్టబోతే వద్దన్నాడు.

“ఐలీ, మీరు నా కోసమే ఇదంతా చేశారు. నాకు తెలుసు. ఊరంతా మిమ్మల్ని అలా అనుకుంటుంటే నేను అన్నం తినలేను. రేపు పొద్దున్నే వెళ్ళి ఆవిడకి నిజం చెప్పేస్తాను. ఏం జరిగితే అదే జరుగుతుంది.”

అమ్మయ్య అనుకున్నాను నేను. ఇక ఐలీ నవ్వి, చాల్లే పెద్ద చెప్పొచ్చావు, కూర్చో అంటుంది. ముగ్గురం కూర్చుని ఏదో దారి చూస్తాం. నేను మూడో కప్పు తీయడానికి లేచాను కూడా.

ఐలీ అతని బూట్ల వైపు చూసింది. తర్వాత మొహం వైపు చూసింది. ఆవిడ కళ్ళల్లో ఏమీ లేదు.

“ఎవరు నాయనా నువ్వు?” అంది. “ఏదన్నా అమ్మడానికొచ్చావా? మా అమ్మ ఇంట్లో లేదు.”

లైల్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఐలీ, నేను లైల్‌ని అన్నాడు. ఆవిడ భయపడినట్టు కుర్చీలో వెనక్కి జరిగి, పైబొత్తాన్ని తిప్పుకుంటూ నా కోసం చూసింది. లైల్ కూడా నా వైపే చూశాడు. రోజూ ఆవిడని చూసేవాడు అతను, అంత తేలిగ్గా ఎలా నమ్ముతాడు? కానీ ఆ గుడ్లప్పగించిన చూపుని చూసి ఎవరు నమ్మకుండా ఉంటారు? నిజంగా, ఆ నిమిషంలో నేనే నమ్మాను.

“పొద్దుటి నుంచీ ఇంతే,” అన్నాను.

అతను చాలాసేపు అలాగే నేల మీద కూర్చున్నాడు. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, నిన్న కూడా బాగానే మాట్లాడిందే అన్నాడు. కారు వెనక ఎర్ర దీపాలు గుట్ట దిగి, చెట్ల చాటుకు పోయేదాకా ఐలీ కదల్లేదు. ఆ తర్వాత లేచి, కర్ర తీసుకుని, కిటికీ దగ్గరికి నడిచింది.

నేను విరుచుకుపడ్డాను. ఊరికోసం నాటకమాడావు, సరే. అతని దగ్గర కూడా ఎందుకన్నాను. ఆ మనిషి మొహం చూశావా అన్నాను.

“చూశా,” అంది ఐలీ. “నేను అబద్ధమాడానని తెలిస్తే రేపే వెళ్ళి చెప్పేస్తాడు. జబ్బు నిజమేనని నమ్మితే, నా పేరు కాపాడ్డానికి వెళ్ళక్కర్లేదనుకుంటాడు. బాధపడతాడంతే. బాధైతే మార్చిదాకా మోస్తాడు, పెద్ద బరువులు మోసినవాడేగా.”

“మార్చి తర్వాత?”

“మార్చి తర్వాత నాకు మతి తిరిగొచ్చిందని చెప్పు. అప్పటికి రాకుండా పోతే చెప్పకు.”

ఆ మాట హాస్యానికే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మర్నాడు పదకొండయ్యేసరికి ఐలీ తిరగడం ఎక్కువైంది. కర్ర టకటకలకి నాకు పిచ్చెక్కుతుందేమో అనిపించి, కోటేసుకుని రోడ్డు మీదికి వెళ్ళాను. డబ్బా పక్కన నిలబడ్డాను. పసుపు దీపం వంతెన వైపు నుంచి వచ్చి ఆగింది. లైల్ అద్దం దించి క్రిస్మస్ కార్డుల కట్ట నా చేతికిచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆవిడ రాత్రి పడుకుందా అని అడిగాడు. పడుకుందన్నాను. ఇంజను ఆగకుండా నడుస్తోంది. అతను కట్ట వదిలాక కూడా చెయ్యి లోపలికి తీసుకోలేదు.

“ఒకవేళ ఆవిడకి ఎప్పుడన్నా నేను గుర్తొస్తే, నన్ను అడిగిందని నాకొక్క మాట చెప్తావా ఇర్మా?”

చెప్పొచ్చు. అడిగింది, పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉంది, ఇంత గాలిలో ఎలా వస్తాడో అని నా ప్రాణం తోడేస్తోంది అని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

“తప్పకుండా చెప్తాను,” అన్నాను.

అతను తలూపి, అద్దమెత్తుకుని, బెర్నీస్ డబ్బా వైపు వెళ్ళిపోయాడు. నేను పైకొచ్చేసరికి ఐలీ వంటగది కిటికీ పక్కన, పరదా చాటున, రోడ్డు మీంచి కనపడకుండా నిలబడి ఉంది. బూట్ల మంచు దులుపుకోనివ్వలేదు.

“చెవుల టోపీ పెట్టుకున్నాడా?”

పెట్టుకోలేదన్నాను. ఐలీ పళ్ళు కొరికింది. ఇంత చలిలో చెవులు కప్పుకోకుండా తిరిగే వెధవ ఇంకెవడన్నా ఉంటాడా అంది. కిటికీ గడియ తీసి, తలుపు బయటికి తోసి, అరవడానికి గుండెనిండా గాలి పీల్చుకుంది. బెర్నీస్ డబ్బా దగ్గర కారు ఇంకా ఆగే ఉంది. ఐలీ ఆ గాలి అలాగే బిగబట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా కిటికీ తలుపుని దగ్గరికి లాగి, గడియ పెట్టింది.